గోడ అవతలి గంట

మా క్యాంపస్‌లో ఏడాదికి ఒకసారి ఒక వారం వస్తుంది. క్లాసులుండవు. పిల్లల వ్యక్తిత్వాన్ని పెంచడానికని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వర్క్‌షాపులు పెడతారు. కాగితాల మీద దానికి పెద్ద పేరే ఉంది, మేము మాత్రం వికాస వారం అంటాం, పిల్లలు జాతర అంటారు. స్టేజీ భయం పోగొట్టే క్లాసు, కుమ్మరి చక్రం మీద కుండ చేసే క్లాసు, ప్రథమ చికిత్స, జొన్నలతో సజ్జలతో వంట, ఉద్యోగానికి దరఖాస్తు రాయడం, ఒక మూల యోగా, ఇంకో మూల నాటకం. వారం తిరిగేసరికి అందరికీ సర్టిఫికెట్లు ఇస్తారు. పదిహేనేళ్లుగా చూస్తున్నాను, ఆ సర్టిఫికెట్ల మీది పూల బొమ్మలు తప్ప ఏవీ వికసించిన దాఖలా లేదు.

ఈ వెటకారం నాకు మొదటి నుంచీ ఉన్నదే. కానీ ఈ ఏడు ఆ వారం దగ్గర పడుతుంటే వెటకారం నోటికి రాలేదు. భయం వేసింది. పోయిన ఏడు సరిగ్గా ఆ వారంలోనే మా నాయిన పోయాడు. పోవడానికి మూడు రోజుల ముందు నాకు ఫోన్ చేశాడు. ఏటా సభల్ని మైకులో నడిపేది నేనే, అప్పుడూ స్టేజీ పక్కన నిలబడి, తర్వాత చేస్తానని చెప్పి పెట్టేశాను. ఆ సాయంత్రం చేయలేదు. మర్నాడూ చేయలేదు. నాలుగో రోజు పొద్దున చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే ఒరిగిపోయాడని అమ్మ ఫోన్ చేసింది.

నా ఫోన్‌లో వచ్చిన ప్రతి కాలూ దానంతటదే రికార్డవుతుంది. కొన్న రోజు నుంచీ అంతే, ఎలా ఆపాలో నాకు తెలియదు. అందుకని ఆ ఆఖరి కాల్ కూడా అందులో ఉండిపోయింది. అర నిమిషం కూడా లేదు. ఏడాది పాటు దాన్ని వినలేదు, తుడిచేయనూ లేదు. ఏం చెప్పాలని చేశాడు? ఒంట్లో బాగాలేదని చెప్పబోయాడా? ఈ ఒక్క ప్రశ్న కూరలో ఉప్పు వేస్తున్నప్పుడు, బోర్డు మీద రాస్తున్నప్పుడు, బస్సులో కండక్టరుతో మాట్లాడుతున్నప్పుడు వచ్చి భుజం మీద చెయ్యి వేసేది.

మా నాయిన గొర్ల కాపరి. పూడూరు నుంచి వికారాబాద్ వచ్చే దారిలో మా ఊరు. ఆ ఊళ్లో మా వాళ్లందరికీ మందలే ఆధారం, పొలాలు ఆ తర్వాత వచ్చాయి. నేను వికారాబాద్ పక్కనే ఉన్న యూనివర్సిటీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. గొర్రెకు కడుపు ఎన్ని అరలో బొమ్మ గీసి చెప్పే నేను, ఆ గొర్రెలు మేపిన మనిషి నా తండ్రి అని పదిహేనేళ్లలో ఒక్కసారీ ఆ గదుల్లో చెప్పలేదు. ఎవరైనా అడిగితే వ్యవసాయం అనేదాన్ని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు నాయిన మందను తోలుకుంటూ క్యాంపస్ గేటు దాకా వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె, చుట్టూ మంద. వాచ్‌మన్ స్టాఫ్‌రూంకి వచ్చి, "మేడమ్, గొర్లాయన ఒకాయన వచ్చిండు. మీ మనిషంటున్నడు" అన్నాడు. గదిలో అందరూ తలెత్తారు. "మా పొలం చూసే మనిషి" అని చెప్పి బయటికి నడిచాను. గేటు దగ్గర నాయిన నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "నాయినా, మందను గిటు తోలుకరాకు. గిది కాలేజీ" అన్నాను. ఆయన నా మొహం చూశాడు, గేటు చూశాడు. "ఔ బిడ్డా, పిల్లలు బెదురుతరు" అన్నాడు. పిల్లలు గొర్రెల్ని చూసి బెదరరని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు తర్వాత ఆయన ఆ గేటు దగ్గరికి రాలేదు.

ఇక్కడ మా ఇళ్లల్లోని ఒక పద్ధతి చెప్పాలి. కాపరి పోతే మందకు చెప్పాలి. దినాలయిన మర్నాడు పొద్దున, ఆ ఇంట్లో పుట్టిన వాళ్లెవరైనా, మంద ఎరిగిన గొంతు ఉన్నవాళ్లు, పోయిన మనిషి గొంగడి కప్పుకుని గొర్రెల నడుమ నిలబడి, మీ ఆసామి పోయిండు, ఇగ ఎదురుచూడకుండ్రి అని గట్టిగా చెప్పాలి. అలా చెప్పేదాకా పోయిన మనిషి కూత ఎవరూ కూయకూడదు. ప్రతి కాపరికీ మందను పిలవడానికి ఒక కూత ఉంటుంది, అది ఇంకొకరిలా ఉండదు. చెప్పకముందే ఆ కూత వినిపిస్తే గొర్లు మేత మరిచి ఆ మనిషిని వెతుక్కుంటూ పోతాయని అంటారు.

నేను ఒక్కదాన్నే సంతానం. దినాలనాడు సాయంత్రం అమ్మ నా బ్యాగు చూసి, "రేపు పొద్దుగాలిదాంక ఉండరాదు బిడ్డా?" అంది. ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. పరీక్షల డ్యూటీ ఉందన్నాను. డ్యూటీ నిజమే, కానీ అడిగితే మార్చేవాళ్లు. గొర్రెల ముందు నిలబడి ఆయన పోయాడని నా నోటితో అనడం నా వల్ల కాదనిపించింది. ఆటో ఎక్కి వచ్చేశాను. అమ్మ మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ తర్వాతే గంట మొదలైంది. మా మందలో ముందు నడిచే బొల్లి గొర్రె మెడలో నాయిన ఒక ఇత్తడి గంట కట్టాడు. ఎప్పుడో బండ మీద పడి దానికి పగులు వచ్చింది. అప్పటి నుంచి అది మోగదు, టక్కు టక్కుమంటుంది. మార్చమంటే, "నా గంట ఏదో నాకు ఎర్కయితది, మంచిదే" అనేవాడు. స్టాఫ్‌రూంలో నా కుర్చీ కిటికీ పక్కన. ఏడాది పొడుగునా, ముఖ్యంగా మధ్యాహ్నాలు, అక్కడ కూర్చుంటే ఆ టక్కు టక్కు వినిపించేది. తల తిప్పితే క్యాంపస్ ప్రహరీగోడ, దాని మీద ఎండ. పక్క మేడమ్‌ను అడిగితే తనకేమీ వినిపించలేదంది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే గుబిలి తీసి, అంతా బాగుందని పంపాడు. బాగుంటే ఎలా వినిపిస్తోందని ఆయన మీద అరిచి వచ్చాను, పాపం.

ఈ ఏడు వికాస వారంలో నాకు అప్పగించిన పని చూసి తల కొట్టుకున్నాను. హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చి శబ్దాలు రికార్డు చేయడం నేర్పుతుందట. ఆమె వర్క్‌షాప్‌కి నేను బాధ్యురాలిని. మా పిల్లల కంటే నాలుగేళ్లు పెద్దదేమో, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, ఒక పెట్టెనిండా వైర్లు. మొదటి రోజు అందరినీ నేల మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. "మీ ఇంట్లో ఇంకో పదేళ్లకు వినిపించదేమో అనుకునే శబ్దం ఒకటి తీసుకురండి. శుక్రవారం ముగింపు సభలో అందరికీ వినిపిద్దాం" అంది.

పిల్లలు తెచ్చారు. ఒకడు ఇసుర్రాయి తిప్పించి రికార్డు చేశాడు. మోమిన్‌పేట్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, వాళ్ల నాయనమ్మ పళ్లు లేని నోటితో చర్చిలో పాడే పాట తెచ్చింది. ఇంకొకతె వాళ్ల నాన్న కుట్టుమిషను. మంగళవారం సాయంత్రం ఆ హైదరాబాద్ అమ్మాయి నా వైపు తిరిగి, "మీరేం తెచ్చారు మేడమ్?" అంది. "నాది తర్వాత" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుందో అప్పుడు గమనించాను.

బుధవారం అందరినీ బస్సులో తాండూరు తీసుకెళ్లాం, బండలు పాలిష్ చేసే మిషన్ల చప్పుడు రికార్డు చేయించడానికి. దారి పొడుగునా కంది కోసేసిన చేలు, మోళ్లు. తాండూరు చేరాక ఊరంతా బూడిద రంగు పొడి పూసుకున్నట్టే ఉంది. షెడ్డులో నీళ్లు చిమ్ముకుంటూ మిషన్లు గిర్రున తిరుగుతున్నాయి, ఒకరి మాట ఒకరికి వినపడదు. పిల్లలు మైకులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే నేను బయట నిలబెట్టిన బండల దగ్గరికి వచ్చాను.

అక్కడ ఒక పెద్దాయన ఉలి వెనక భాగంతో ఒక్కో బండనూ తట్టి, చెవి దగ్గర పెట్టి, కొన్నిటిని ఇటు, కొన్నిటిని అటు వేస్తున్నాడు. పక్కనున్న మనిషితో కన్నడంలో ఏదో అని, నాతో తెలుగులో, "చూడు మేడమ్, గిది మోగింది. గిది మోగలే" అన్నాడు. రెండూ నా కంటికి ఒక్కలాగే ఉన్నాయి. ఎక్కడా గీత కూడా లేదు. "లోపల పగులుంటది. కండ్లు మోసపోతయి, చెవులు మోసపోవు" అని ఉలి నా చేతికిచ్చాడు. మంచి బండ ఖంగుమంది. పగిలిన బండను తట్టాను. టక్కుమంది.

అదే చప్పుడు. ఏడాదిగా కిటికీలోంచి వినిపించే చప్పుడు. ఉలి కింద పెట్టి ఆ బండల పక్కనే కూర్చుండిపోయాను. పెద్దాయన, "దుమ్ము పట్టినట్టుంది మేడమ్‌కు, జర నీళ్లియ్యుండ్రి" అని ఎవరినో కేకేశాడు. నీళ్లు తాగి బస్సులో కూర్చున్నాను. ఇంక దాచుకుని తిరగడం నా వల్ల కాదనుకున్నాను. చెవులు మోసపోకపోతే వినాల్సిందేదో వినేయాలి.

తిరుగుదారిలో ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. "ఇది మా నాయిన ఆఖరి ఫోన్. నేను వినలేను. నువ్వు విని, ఏముందో చెప్పు" అన్నాను. ఆమె ఫోన్‌ను తన యంత్రానికి కలిపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. మూడోసారి కళ్లు మూసుకుంది.

"పోయిన ఏడు మీ స్టేజీ మీద ఎవరో, మీలో సింహాన్ని నిద్ర లేపండి అన్నారా మేడమ్?" అంది.

అన్నారు. పోయినేటి ముఖ్య అతిథి. గంటన్నర సేపు సింహాన్ని లేపుతూనే ఉన్నాడు, పిల్లలు మాత్రం పడుకున్నారు. ఆయన మాట్లాడుతున్నప్పుడే ఫోన్ వచ్చింది.

"ఆ మాట ఇందులో రెండుసార్లు ఉంది. ఒకసారి మీ వైపు నుంచి, దగ్గరగా. ఒక్క క్షణం ఆగి మళ్లీ ఆయన వైపు నుంచి, దూరంగా, ఆరుబయట వినిపించినట్టు. చప్పట్లు కూడా రెండుసార్లు ఉన్నాయి. ఆయన ఫోన్ చేసినప్పుడు మీ మైకు వినపడేంత దగ్గర్లోనే ఉన్నారు మేడమ్."

హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకున్నాను. నాయిన గొంతు ఏడాది తర్వాత చెవిలో పడింది. "బిడ్డా, ఖాళీగ ఉన్నవా?" ఆ వెంటనే నేను, ఎవరి మీదో విసుక్కున్నట్టు: "నాయినా, స్టేజీ కాడ ఉన్న. తర్వాత చేస్త." "గట్లనా. సరె సరె. ఏం లేదు, జర..." వెనకాల సింహం. పగిలిన గంట, టక్కు టక్కు. ఏ గొర్రె పక్కకు పోయిందో, ఫోన్ చేతిలో ఉండగానే ఆయన మందను కూత వేశాడు. "ట్రూ... హోయ్... హోయ్." మూడో హోయ్ మధ్యలో తెగిపోయింది. దాన్ని తెంపింది నా వేలే.

సభామందిరం వెనక ప్రహరీగోడ. గోడ అవతల కంది చేలు. నేను గేటు దగ్గరికి రావద్దన్నాను కనుక గోడ వెనక నిలబడ్డాడు. ఆ గోడకు ఇటు నేను, అటు ఆయన, మధ్యలో ఫోన్. నాకు ఏడుపు రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. బస్సు వికారాబాద్ చేరేదాకా ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు.

గురువారమంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ముగింపు సభలో ఆ కూత వినిపిస్తాను. నా గొంతు తీసేసి, కూత మాత్రం. ఇది ఎవరిదో అందరి ముందూ చెబుతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. కానీ ఆకులైనా పట్టుకోకపోతే ఇంకేం చేయను? చెప్పకముందు కూత వేయకూడదన్న మాట గుర్తు రాకపోలేదు. మంద మా ఊళ్లో ఉంది, రెండు మైళ్ల అవతల, ఇక్కడ స్పీకర్లో మోగితే వాటికెలా వినిపిస్తుందని సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం సభ ఆరుబయట పెట్టారు, మందిరం వెనక మైదానంలో. మా డీన్ గారు మాట్లాడుతూ, "గొర్రెల మందలా ఒకరి వెనక ఒకరు పోకండి" అన్నారు. ఏటా అంటారు. ఏటా నేను తల దించుకుని కాగితాలు సర్దుకుంటాను. ఈసారి నా వంతు రాగానే మైకు తీసుకుని, "గొర్రె ఎవరి వెనక పడితే వాళ్ల వెనక పోదు సార్. ఎరిగిన గొంతు వెనకే పోతుంది" అన్నాను. పిల్లలు గట్టిగా నవ్వారు. "ఇప్పుడు వినబోయేది మా నాయిన కూత. ఆయన గొర్ల కాపరి. ఒకసారి గేటు దాకా వస్తే పొలం చూసే మనిషని చెప్పాను. అబద్ధం చెప్పాను" అన్నాను. ఆ అమ్మాయికి సైగ చేశాను.

ట్రూ... హోయ్... హోయ్. స్పీకర్లలోంచి మా నాయిన మైదానం మీదికి వచ్చాడు. మూడో హోయ్ తెగిపోగానే ఆ అమ్మాయి ఇంకోసారి వేసింది.

అప్పుడు గొర్రెల అరుపులు మొదలయ్యాయి. మొదట ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత మందంతా. వాటి మధ్య టక్కు టక్కు, టక్కు టక్కు. రికార్డింగు భలే ఉందని జనం చప్పట్లు కొట్టారు. నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె రెండు చేతులూ పైకెత్తి చూపించింది. మొహం పాలిపోయి ఉంది. "నేను ఎప్పుడో ఆపేశాను మేడమ్" అంది.

అందరూ గోడ వైపు తిరిగారు. గోడ అవతలి నుంచి అరుపులు పెరుగుతున్నాయి, రాళ్లకు ఒళ్లు రాసుకుంటున్న చప్పుడు. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం మాత్రం, నాయిన వచ్చాడనే అనుకున్నాను. చదువుకున్నదాన్నని ఆ క్షణానికి గుర్తు లేదు. మైకు కింద పెట్టి పరుగెత్తాను. గేటు దాటి, ప్రహరీ వెంట ముళ్లకంపలు తొక్కుకుంటూ. పదిహేనేళ్లు పనిచేసిన చోట గోడకు అవతలి వైపు ఎలా ఉంటుందో అదే మొదటిసారి చూడటం.

అక్కడ మా మంద ఉంది. గోడను తోసేస్తున్నట్టు మీద మీద పడుతున్నాయి. వాటి మధ్య మా అమ్మ, కొంగు నడుముకు చుట్టి, కట్టె అడ్డం పెట్టి వెనక్కి లాగుతోంది. నన్ను చూసి గట్టిగా కేకేసింది.

"ఎవరే గా కూత కూసింది? ఏ పాపిష్టోళ్లే?"

"నేనే అమ్మా. ఫోన్ల ఉండె. వినిపించిన."

"నీకు ఎర్క లేదా? మందకు చెప్పకముందు కూత ఎయ్యద్దని ఎర్క లేదా? ఒక్కపారే అంగలార్చినయి. నాకు సుత గుండె ఆగినంత పనైంది. వచ్చిండే అనుకున్న" అని, ఆ మాట దగ్గర ఆగి, గోడ పక్కన ఉన్న బండ మీద కూలబడింది.

గోడ కట్టినప్పుడు మిగిలిన తాండూరు బండ అది. ఎవరో రెండు రాళ్ల మీద దాన్ని పీటలా నిలబెట్టారు. పైభాగం మనిషి కూర్చుని కూర్చుని నున్నబడి ఉంది. అడగకుండానే అర్థమైంది, అయినా అడిగాను.

"నాయిన కూసుండె బండనా?"

"మరింకెవ్వరిది? కంది కోసినంక రోజు గిటే తోలుకొస్తుండె. నీ మైకు ఉన్ననాడైతె పొద్దుగాలనే వచ్చి కూసుంటుండె. బస్సుల పోయే కాలేజీ పిల్లలను అడిగి తెలుసుకుంటుండె, మా మేడమ్ ఎప్పుడు మాట్లాడ్తదని. నీకు చెప్పద్దన్నడు. రావద్దన్నది కదా, నామోషీ అయితదేమో అన్నడు."

"మరి నువ్వు?"

"గొర్లు నా మాట యాడింటయి? ఆయన పోయిన కాడికెల్లి గిటే గుంజుకొస్తున్నయి. గీడ నిలవడి గోడ దిక్కే చూస్తయి. మేత సక్కగ మేస్తలేవు. వానకాలం ఒక్కటి రాలే, చేన్లన్ని పంట మీదుంటయి కద."

కిటికీలో ఏడాదిగా వినిపించిన గంట ఏదో అప్పుడు తెలిసింది. గుబిలి కాదు, పిచ్చీ కాదు. కానీ వానాకాలంలోనూ నేను విన్నాను. జల్లు పడుతుంటే కిటికీ మూయబోయి కూడా విన్నాను. అది ఎవరి గంటో అమ్మను అడగలేదు. ఇప్పటికీ తెలియదు.

అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. ఏడాదిగా మోస్తున్న ప్రశ్న అడిగేశాను. "ఆ రోజు నాకు ఫోన్ ఎందుకు చేసిండమ్మా? పానం బాగలేదని చెప్పనీకెనా?"

"పానానికేమైంది, మంచిగనే ఉండె. గా సింహమాయన ఎంతసేపటికి బంద్ చేస్తలేడంట. గొర్లకు నీళ్ల యాళ్ల అయిపాయె. నా బిడ్డ మల్ల ఎప్పుడు మాట్లాడ్తదో అడుగుదమని చేసిన, పనిల ఉన్నదంట అని ఇంటికొచ్చి చెప్పిండు."

"కోపం చేసిండా?"

"కోపమెందుకే? నువ్వు మల్ల మైకుల మాట్లాడెదాంక ఉండి, ఇనే వచ్చిండు. గొర్లు దూపతోని అల్లాడినయి. నేనే మస్తు తిట్టిన."

అప్పుడు ఏడ్చాను. పెద్దగా, చిన్నపిల్లలా. ఏదో భయంకరమైన మాట ఆ ఫోన్‌లో చెప్పకుండా ఉండిపోయిందని ఏడాది కుమిలిపోయాను. ఆయన అడగబోయింది ఇంత చిన్న మాట, నేను ఎప్పుడు మాట్లాడతానని. దానికి జవాబు చెప్పడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టేది కాదు. పెద్ద మాట అయితే తట్టుకునేదాన్నేమో.

అమ్మ ఏడవనిచ్చింది. తర్వాత తన భుజం మీది గొంగడి తీసి నా ఒళ్లో వేసింది. నాయినదే.

"చెప్పు బిడ్డా వాటికి. ఏడాదాయె. ఇంకెన్నొద్దులు ఎదురుచూస్తయి?"

"వాటికి నా గొంతు ఎర్క లేదు కదమ్మా. నేనెన్నడు కాయలే."

"ఎందుకు ఎర్క లేదు? గీ గోడ కాడ అవి ఇన్నదంత నీ గొంతే. అగో నా బిడ్డ మాట్లాడ్తుంది, ఇనుండ్రి అని వాటికి చెప్తుండె ముసలోడు."

గొంగడి కప్పుకున్నాను. ఉన్ని వాసన, పొగాకు వాసన, ఇంకా ఆయన వాసన. మంద నడుమకు వెళ్లి నిలబడ్డాను. వందల మంది ముందు వణకకుండా మాట్లాడేదాన్ని, ఇక్కడ గొంగడి అంచులు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి అన్నాను. "మీ ఆసామి పోయిండు. పోయినేడే పోయిండు. నేను చెప్పాలె, చెప్పలే. ఇగ ఎదురుచూడకుండ్రి." పోయిండు అన్న మాట నా నోటితో అనడం అదే మొదలు. గొర్లు ఒక్కొక్కటే అరుపు ఆపాయి. కొన్ని తల వంచి మోళ్లు కొరకడం మొదలుపెట్టాయి.

ఫోన్ మోగింది. డీన్ గారు. ఎక్కడున్నారు మేడమ్, సర్టిఫికెట్లు ఇవ్వాలి, అందరూ చూస్తున్నారన్నారు. "మా నాయిన గొర్ల కాడ ఉన్న సార్. తర్వాత చేస్త" అన్నాను. మా ఇంటి భాషలోనే అన్నాను, ఆయన ఏమనుకున్నా సరే.

అమ్మ మందను నీళ్ల వైపు మళ్లించింది. అన్నీ కదిలాయి, బొల్లి గొర్రె ఒక్కటి తప్ప. అది గోడకు మొహం పెట్టి, చెవులు నిక్కించి అలాగే నిలబడింది. అవతల మైకులో ఎవరో పిల్లల పేర్లు చదువుతున్నారు. ఆ గొంతు నాది కాదు. అది వేచి చూస్తోంది, సింహమాయన ఎప్పుడు ఆపుతాడా అని నాయిన చూసినట్టు.

దగ్గరికి వెళ్లి, దాని మెడలో పగిలిన గంటను గుప్పిట్లో పట్టుకుని, చెవి దగ్గర వంగాను. "నేను గోడ ఇవతలనే ఉన్న" అన్నాను. అప్పుడు గాని అది కదల్లేదు.